టార్మిగన్ లెక్కకు వెళ్లేముందు

చిన్నీ,

ఏప్రిల్‌లో ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్ వెళ్లి అడ్వెంట్‌డాలెన్ లోయలో రాక్ టార్మిగన్‌లను, అంటే చలికాలంలో తెల్లబడే ఆ కోడిజాతి పక్షులను, లెక్కపెట్టబోతున్నావు కదా, అక్కడ పనికొచ్చేవి కొన్ని రాస్తున్నాను.

మార్చి చివరికల్లా పుంజులు తమ తావులు పట్టేసుకుంటాయి, పెట్టలు ఆ తర్వాతే చేరతాయి. అప్పటికి రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి ముఖం చూడు. ముక్కు మొదలు నుంచి కంటి దాకా నల్లచార స్పష్టంగా ఉంటే పుంజు.

స్నోస్కూటర్ ఆపిన వెంటనే లెక్క మొదలుపెట్టకు, చప్పుడుకు బెదిరిన పక్షులు సర్దుకోనీ. ఆ తర్వాత ఒక్కో చోట 15 నిమిషాలు. పుంజు నిటారుగా లేచి, రెక్కలు చాచి, బొంగురుగా గరగరమంటూ దిగుతుంది. లేచింది ఒకచోట, దిగేది మరోచోట. ఒకే పక్షిని రెండుగా రాసేది ఇక్కడే. మొదట కనబడిన చోటికే దూరం, దిశ రాసుకో. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అంత చిన్న పక్షి మీద పట్టకపోతే పక్కనున్న బండను కొలువు. గాలి పెరిగితే ఆపెయ్. వినబడని పక్షిని లేని పక్షిగా రాసినట్టవుతుంది.

బైనాక్యులర్ కోటు లోపల దాచకు, ఒంటి తేమ అద్దాల మీద మంచులా పేరుకుంటుంది. బ్యాటరీలు మాత్రం లోపలి జేబులోనే.

జూన్ దాకా ఉంటే అసలు ముచ్చట చూస్తావు. పెట్టలు గోధుమరంగు మచ్చల్లోకి మారిపోతాయి. పుంజులు మాత్రం మంచు కరిగి నేల బయటపడినా తెల్లగానే, ఎవరికైనా కనబడేలా కూర్చుంటాయి. జత కోసం ఆ తెలుపు కావాలి మరి! కెనడా ఆర్కిటిక్‌లో చేసి 2001లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పెట్ట గుడ్లు పెట్టడం మొదలయ్యాక పుంజు తన ఈకలను మురికి చేసుకుంటుంది. గుడ్లు పోయి పెట్ట మళ్లీ జతకు సిద్ధపడితే, మళ్లీ శుభ్రపడిన పుంజులూ ఉన్నాయి. అందుకే నీ పట్టికలో 'మురికి', 'ఈక మార్పు' వేర్వేరు గడులుగా పెట్టు. పులుముకున్నట్టుంటే మట్టి, ఈక ఈకకూ చారలుంటే కొత్త ఈక. రెంటినీ కలిపేస్తే ఆ సీజను సమాచారమంతా పాడు.

పొదిగే పెట్ట, మన కాలు దాని మీద పడబోయేదాకా కదలదు. గూడు దొరికితే జీపీఎస్‌లో గుర్తించి పక్కకు తప్పుకో. జెండా పాతకు, నక్కలకు దారి చూపించినట్టవుతుంది.

తుపాకీ పట్టుకుని ధ్రువపు ఎలుగు కోసం కాపలా కాసేవాళ్లకు పక్షుల లెక్క అప్పగించకు. రెండు పనులూ చెడతాయి.

నాన్న