వార్షిక నివేదిక: పెన్షన్ వాటా ఎవరు కడుతున్నారు?

సభ్యులందరికీ నమస్కారం.

పండగలు, పిక్నిక్ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఈ ఏడాది జనం కదలకుండా కూర్చున్న కార్యక్రమం పెన్షన్ సదస్సు. గంట అనుకున్నది రెండున్నర గంటలు సాగింది.

గొడవంతా ఒక పోలికతో మొదలైంది. కాలిఫోర్నియాలో ఒకే ప్రభుత్వ ఆఫీసులో, ఒకే హోదాలో ఉన్న ఇద్దరు సభ్యులు పేస్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఒకావిడ జీతంలోంచి పెన్షన్‌కు కట్టాల్సిన 7 శాతం వాటా యజమానే కడుతున్నారు. రెండో ఆయనకు జీతంలోంచే పోతోంది. నెలకు 8,000 డాలర్ల మీద 7 శాతమంటే 560 డాలర్లు. ఆయనకు మండదా మరి!

తేడాకు కారణం 2013 జనవరి 1న అమల్లోకి వచ్చిన పెప్రా, అంటే కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్కరణ చట్టం. ఆ తర్వాత కొత్తగా చేరినవాళ్ల వాటాను యజమాని కట్టకూడదు. పెన్షన్ 'నార్మల్ కాస్ట్'లో, అంటే ఆ ఏడాది సర్వీసుకు అయ్యే పెన్షన్ ఖర్చులో, కనీసం సగం వాళ్లే భరించాలి. పెన్షన్ పథకంలో అంతకుముందే చేరిన 'క్లాసిక్' సభ్యుల వాటా ఎవరు కట్టాలన్నది యూనియన్ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. చాలాచోట్ల యజమానే కట్టే సౌకర్యం బేరసారాల్లో పోయింది. ఒక హెచ్చరిక: ఉద్యోగం మానేసి, ఆరు నెలలు దాటాక వేరే సంస్థలో చేరితే క్లాసిక్ హోదా పోయి కొత్త సభ్యుల లెక్కలోకి వస్తారు.

పేస్లిప్పులో 'పికప్' అన్న మాట చూసి యజమానే కడుతున్నారని సంబరపడినవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అది మన జీతంలోంచి పోయే డబ్బే. ఫెడరల్ పన్ను చట్టం 414(హెచ్)(2) కింద దాన్ని యజమాని వాటాగా లెక్కిస్తారు కాబట్టి, ఆదాయపు పన్ను ఇప్పుడు కాక పెన్షన్ తీసుకునేటప్పుడు పడుతుంది, అంతే.

నిజంగానే యజమాని కట్టినా అది ఊరికే రాదని నా అభిప్రాయం. నెవాడా రాష్ట్రంలో మొత్తం యజమానే కట్టే పద్ధతి ఉంది. దానికి బదులుగా ఉద్యోగి జీతం తగ్గించుకోవాలి, లేదా పెంపు వదులుకోవాలి. అయిదేళ్లు నిండకుండా మానేస్తే ఆ డబ్బు చేతికి రాదు. ఈ మాట చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దం.

కాలిఫోర్నియాలో టీచర్ల పెన్షన్ సంస్థ వేరు కావడంతో వాళ్ల ప్రశ్నలకు సరైన జవాబులు ఇవ్వలేకపోయాం. ఆ లోపం మాదే. వాళ్ల కోసం విడిగా ఇంకో సదస్సు పెడతాం. వచ్చేటప్పుడు పేస్లిప్ తెచ్చుకోండి, పేరు కొట్టేసి తెచ్చినా సరే.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపుతారు.

– కార్యదర్శి