కదలని నాలుగు మరలు

కొలంబస్, ఒహాయో
ఆదివారం రాత్రి

బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు కోప్పడకు. అందరం కులాసాగానే ఉన్నాం, అమ్మకు కంటి ఆపరేషను బాగా జరిగింది, మిగతావి ఫోనులో చెబుతాను. నీకు చెప్పకపోతే నిద్ర పట్టని విషయం ఒక్కటే: మా 2010 హోండా సీఆర్‌వీ కారు ముందు చక్రాలకు బ్రేకు ప్యాడ్లనూ రోటర్లనూ, అంటే మన మెకానిక్కులు డిస్కులనే వాటిని, నిన్న నేనే మార్చాను.

వారం రోజులుగా బ్రేకు వేస్తే కీచుమంటోంది, హైవే మీద వేగం తగ్గించబోతే స్టీరింగు వణుకుతోంది. చక్రం విప్పి చూస్తే, ప్యాడ్లను రోటరుకు అదిమే క్యాలిపరు జరిగే పిన్నుకు గ్రీజు ఎండిపోయి అది బిగుసుకుపోవడంతో, లోపలి ప్యాడు దాదాపు ఇనుము దాకా అరిగిపోయింది. కొత్తగా 28 మిల్లీమీటర్ల మందం ఉండే రోటరు 26కు తగ్గితే వాడకూడదు. నా మైక్రోమీటరుకు 25.6 వచ్చింది. ఈ బండిలోనే కదా రోజూ పిల్లను బడికి... సరే, ఆ మాట వద్దు.

అసలు కష్టం మరలతో వచ్చింది. ఒక్కో రోటరును హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు, పట్టి ఉంచే మరలు రెండేసి ఉంటాయి. చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పుకు అవి తుప్పుపట్టి, హబ్బుతో ఒకటే ముద్దయిపోయాయి. స్క్రూడ్రైవరుకు కదలక, గాడి చెదిరిపోతుందేమోనని భయం పట్టుకుని, చివరకు ఇంపాక్ట్ డ్రైవరు తెచ్చాను. దాని తల మీద సుత్తితో కొడితే ఆ దెబ్బే మరను లోపలికి అదుముతూ ఎడమకు తిప్పుతుంది. మా అమ్మాయి టార్చి పట్టుకుని దెబ్బలు లెక్కపెట్టింది. మొదటిది పదకొండో దెబ్బకు టక్కుమని వదిలినప్పుడు ఆ పిల్ల వేసిన కేక నీవు వినవలసింది! నాలుగోది మాత్రం ఎంతకీ రాకపోతే డ్రిల్లుతో తలనే తొలిచేశాను. రోటరును అసలు బిగించి ఉంచేవి చక్రం నట్లే కనుక అది లేకపోయినా బండికి ప్రమాదం లేదు. ఆ తరువాత కూడా రోటరు ఊడలేదు. దానికే ఉన్న రెండు మరరంధ్రాలలో 8 మిల్లీమీటర్ల బోల్టులు వేసి, ఒకదాని తరువాత ఒకటిగా కొంచెం కొంచెం తిప్పుతూ పోతే, టంగుమని చేతిలోకి వచ్చింది.

రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా క్యాలిపరును తీగతో వేలాడదీసి, ప్యాడును నెట్టే దాని పిస్టను లోపలికి నొక్కి, పిన్నులకు గ్రీజు రాసి, కొత్త రోటరుకు పూసిన నూనె తుడిచి, చక్రం నట్లు 80 ఫుట్‌పౌండ్లకు బిగించాను. తీరా పెడలు నొక్కితే నేల దాకా దిగిపోయింది బావా! ఒక్క క్షణం మన కాలువ గట్టు, ఆ అద్దె సైకిలు, నీ చెప్పు బ్రేకు, ఎదురుగా గడ్డిమోపులవాడు కళ్ళముందు కదలాడి గుండె జారింది. పిస్టను వెనక్కి నెట్టాం కనుక అది మళ్ళీ ప్యాడును తాకే దాకా పంపు కొట్టాలని అంతలోనే గుర్తొచ్చింది. ఆరోసారికి పెడలు పాదం కింద రాయిలా గట్టిపడింది. ఖాళీ రోడ్డు మీద 30 మైళ్ల వేగం నుంచి పదిసార్లు మెల్లగా తగ్గిస్తూ కొత్త ప్యాడ్లను సర్దుకోనిచ్చాను. స్టీరింగు వణకలేదు, చప్పుడు లేదు.

వెనక ప్యాడ్లు ఇంకా 5 మిల్లీమీటర్లున్నాయి గాని, నీవు వచ్చేసరికి వాటిని కూడా... పాప లేచి పిలుస్తోంది, ఆపుతున్నాను.

నీ
బావ