సగటుకు ముందు మొత్తం కట్టించండి

సంపాదకులు గారికి,

పోటీ పరీక్షల కోసం మీరు ప్రచురించే గణితం పేజీలో సగటు లెక్కలకు అడ్డదారి సూత్రాలే ఎక్కువగా కనబడుతున్నాయి. ఒక సెక్షన్‌లో 40 మంది సగటు మార్కులు 60, మరో సెక్షన్‌లో 20 మంది సగటు 75 అయితే అందరి సగటు ఎంతని అడిగితే, చాలామంది పిల్లలు రెండు సగటులనూ కూడి సగం చేసి 67.5 అంటారు. మొత్తాలు 2,400, 1,500 అని ముందే రాసుకుంటే, 3,900ను 60తో భాగించి 65 అని తేల్చడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు.

క్రికెట్ ఇష్టపడే పిల్లలకు ఇంతకన్నా రుచించే లెక్క ఒకటుంది. 1948లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ చివరి టెస్టు ఇన్నింగ్స్‌కు దిగేనాటికి ఆయన పరుగులు 6,996, ఔటైనది 69 సార్లు. మరోసారి ఔటైనా సగటు 100 నిలవాలంటే మొత్తం 7,000 కావాలి కనుక, కొరత నాలుగు పరుగులే. ఆయన సున్నాకే ఔటై 99.94 దగ్గర ఆగిపోయారు. ఆడిన 80 ఇన్నింగ్స్‌తో కాక, ఔటైన 70 సార్లతో భాగించాలన్నదే ఇందులో మెలిక (ప్రశ్నపత్రం కూర్చేవారికి ఇలాంటివంటే మహా ఇష్టం).

ఇకపై మీరిచ్చే జవాబుల్లో మొత్తం కట్టే మెట్టును వదిలేయకుండా అచ్చువేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తెనాలి