నన్ను కూడా ఇంటికి తెచ్చినవాళ్ళకి

బాబు ఇంటికొచ్చి మూడు నెలలైంది. ఈ నాలుగు మాటలు అప్పుడే రాయాల్సింది, నా వల్ల కాలేదు.

మామూలు జ్వరమే అనుకున్నాం. వైరస్ గుండె కండరానికి పాకింది, మయోకార్డైటిస్ అన్నారు. వెంటిలేటర్ చాలక ఎక్మో పెట్టారు, గుండె, ఊపిరితిత్తుల పని బయట నుంచి చేసే మిషన్. తొమ్మిది రోజులు. మెడ దగ్గర రెండు గొట్టాలు. ఒకదాంట్లో నల్లటి రక్తం బయటికొస్తుంది, మిషన్‌లో ఆక్సిజన్ ఎక్కించుకుని రెండోదాంట్లో ఎర్రగా లోపలికెళ్తుంది. ఆ రంగుల తేడా నాకు చూపించింది నైట్ డ్యూటీ సిస్టర్. "సర్, వచ్చినప్పటి నుంచీ మానిటర్‌నే చూస్తున్నారు. బాబు పాదం పట్టుకోండి" అంది. పట్టుకున్నా. ఆరేళ్ళ పిల్లాడి పాదం, నా అరచేతిలో సరిపోయింది. సిస్టర్, మీకు గుర్తుండకపోవచ్చు. నాకు ఆ పాదం బరువు ఇంకా గుర్తే.

ఎక్మో మీద ప్లేట్‌లెట్లు పడిపోతూనే ఉంటాయి. ఉప్పల్ నుంచి, కూకట్‌పల్లి నుంచి రాత్రివేళ బండేసుకొచ్చి ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయిన తమ్ముళ్ళకి దండాలు.

అసలు నేను కుప్పకూలింది ఇంటికొచ్చాకే. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఆ ఐసీయూ మానిటర్‌లా బీప్‌మంటే చాలు, గుండె గుభేల్. రాత్రి లేచి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. "పిల్లాడు బాగున్నాడుగా, ఇంకా ఏం టెన్షన్?" అన్నారు చుట్టాలు. నిజమే కదా అని నోరు మూసుకున్నా. అందరూ మా ఆవిణ్ణే ఓదార్చారు. తండ్రి గట్టిగా ఉంటాడని లెక్క మరి!

ఒక రాత్రి రెండున్నరకి ఆవిడే 14416కి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టింది. అవతలి అమ్మాయి తెలుగులో, తొందరపెట్టకుండా వింది. ఆ ధైర్యంతోనే ఎర్రగడ్డ వెళ్ళాను. అవును, మనం జోకులేసే ఎర్రగడ్డే, నేనూ వేసినవాణ్ణే. ఐసీయూ నుంచి బయటపడ్డ పేషెంట్ల ఇంట్లోవాళ్ళకి ఇలా రావడం మామూలేనని, దీనికో పేరు కూడా ఉందని డాక్టరమ్మ చెప్పింది: పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్, ఫ్యామిలీ. పేరు వినగానే సగం భారం దిగింది. మిగతా సగానికి మందులూ, కౌన్సెలింగూ నడుస్తున్నాయి.

నిన్న లిఫ్ట్ మోగింది. లేచాను కానీ గదిదాకా పరిగెత్తలేదు.

ప్లేట్‌లెట్లు నేనూ ఇద్దామనుకుంటున్నా. ఈ మందులు వాడుతూ ఇవ్వొచ్చో లేదో వచ్చే ఓపీలో అడగాలి.