అతుక్కోవడంలో ఎన్నో రకాలు

సంపాదకులకు నమస్కారం.

లోహ సమ్మేళనాలు మొక్కల డీఎన్‌ఏకి అతుక్కుంటాయని మీ సైన్స్ పేజీలో వచ్చిన వార్త చదివి, మా ఇంట్లోనే ఇద్దరు ‘అయితే మొక్కల జన్యువులు పాడైపోయినట్టేనా’ అని టెన్షన్ పడ్డారు. నేను ల్యాబ్‌లో రోజూ చేసే పని ఇదే కాబట్టి రాస్తున్నాను.

డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన అనుకుంటే, దాని మెట్ల మధ్య దూరం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు). ఫెనాంత్రోలిన్ అనే కర్బన అణువు లాంటి చదునైన భాగం ఉన్న లోహ సమ్మేళనం (మేం కాంప్లెక్స్ అంటాం) ఆ సందులోకి దూరితే అక్కడి మెట్లు దాదాపు రెట్టింపు ఎడం అవుతాయి, నిచ్చెన సాగుతుంది, ద్రావణం చిక్కబడుతుంది. కొన్ని కాంప్లెక్స్‌లు నిచ్చెన మెలికల వెంట ఉండే గాడిలో ఒదిగిపోతాయి. ఇంకొన్ని తమ ధనావేశం వల్ల నిచ్చెన నిలువు కమ్మీల్లోని, రుణావేశం ఉన్న ఫాస్ఫేట్ల చుట్టూ తచ్చాడతాయంతే, ఉప్పు కాస్త ఎక్కువైతే వదిలేస్తాయి. సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం సమ్మేళనం సంగతి పూర్తిగా వేరు, అది మెట్లలో ఒక భాగమైన గ్వానిన్‌లోని నైట్రోజన్‌ని గట్టిగా పట్టుకుని డీఎన్‌ఏనే వంచేస్తుంది, 1978లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ క్యాన్సర్ మందు పనిచేసేది కూడా ఆ గుణం వల్లే. వీటన్నిటినీ కలిపి ‘అతుక్కుంది’ అనేస్తే ఎలాగండీ?

అసలు మొక్క డీఎన్‌ఏ అంత తేలిగ్గా చేతికి రాదు. ఆకు నూరి, సీటాబ్ అనే డిటర్జెంట్ ద్రావణంలో 65 డిగ్రీల దగ్గర ఉంచి, క్లోరోఫామ్‌తో శుభ్రం చేసి, చివర్లో చల్లటి ఆల్కహాల్ కలిపితే తెల్లటి డీఎన్‌ఏ పోగులు కనిపించాలి. టానిన్ల లాంటి ఫినాలిక్ పదార్థాలు ఎక్కువున్న ఆకైతే గోధుమరంగు జిగురు మిగులుతుంది. ఆ ఫినాలిక్‌లే లోహాన్ని పట్టేసుకుంటాయి, అప్పుడు లోహ సమ్మేళనం ఎంత కాంతి పీల్చుకుందో చూపే స్పెక్ట్రంలో పీక్ తగ్గినా అది డీఎన్‌ఏ చేసిందో మలినం చేసిందో తేలదు. నాకు మూడు వారాల రీడింగులు ఇలాగే పోయాయి, తీరా డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో చూద్దామని 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ కొలిచి చూస్తే, ఆ రెండింటి నిష్పత్తి 1.8 ఉండాల్సింది చాలా కిందుంది. ఈ బాధ పడలేకే చాలామంది శుభ్రంగా రెడీగా దొరికే దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏ కొనుక్కుంటారు, దాంతో వచ్చిన ఫలితాన్ని మొక్కకి అంటగట్టడం మాత్రం తప్పు.

పైగా మేం పరీక్షించేది విడి డీఎన్‌ఏని. బతికున్న మొక్కలో అది హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది, లోహం అక్కడిదాకా చేరకుండా కణకవచం కొంత పట్టుకుంటుంది, కాడ్మియం లాంటివైతే మొక్క తయారుచేసుకునే ఫైటోకెలాటిన్లనే చిన్న పెప్టైడ్లు (ప్రొటీన్ ముక్కల్లాంటివి) బంధించి, కణంలోని సంచి లాంటి రిక్తికలోకి తోసేస్తాయి.

ఇలాంటి వార్త మళ్లీ వేసేటప్పుడు డీఎన్‌ఏ దేన్నుంచి తీశారు, విడిగా పరీక్షించారా మొక్కలోనే చూశారా, బంధం ఏ రకం అని రాసినవాళ్లని అడిగి రెండు లైన్లు కలపండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక పరిశోధక విద్యార్థిని