‘కోడ్స్ ఏమీ లేవు’ అంటే బండి బాగున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇచ్చిన సూచనలు చదివాను. చాలావరకు పనికొచ్చేవే. కానీ అందులో, ఐదారు వందలకు దొరికే, బండి లోపాలు చదివే బ్లూటూత్ స్కానర్ కొని స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి చూడండి, కోడ్స్ (బండి తన లోపాలను చెప్పే నంబర్లు) ఏమీ రాకపోతే బండి బాగున్నట్టే అని ఒక మాట రాశారు. ఆ ఒక్క మాట తప్పు. దాన్ని నమ్మి ఎవరైనా హైవే ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేం నాగోలులో ఉంటాం. నాకు ఘట్‌కేసర్ దగ్గర ఒక కాలేజీలో ఉద్యోగం, రోజూ కారులోనే వెళ్లొస్తాను. పోయిన వానాకాలం ఉప్పల్ దాటాక స్తంభాల పక్కన నిలిచిన నీళ్లలోంచి బండి నడిపిన రెండు రోజులకు డాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది. మా పై అంతస్తు అబ్బాయి దగ్గర అలాంటి చిన్న స్కానరే ఉంది. ఫోన్‌కి కలిపి చూసి, ‘ఆంటీ, కోడ్స్ ఏమీ లేవు, ఎక్కడో తడిసుంటుంది, ఆరితే అదే పోతుంది, టెన్షన్ పడకండి’ అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు, నేనూ నమ్మాను. ఆ ఆదివారం అమ్మని తీసుకుని యాదగిరిగుట్ట వెళ్లి తిరిగొస్తుంటే బీబీనగర్ దగ్గర వానలో గేదె అడ్డమొచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. చక్రాలు బిగుసుకుపోయి, స్టీరింగ్ ఎటు తిప్పినా మాట వినకుండా బండి జారుకుంటూ పోయి రోడ్డు పక్క మట్టిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మ మాత్రం పది రోజుల దాకా కారెక్కనంది.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలి, నలభై వేలు దాటుతుంది అన్నారు. ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసివ్వమని రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు. అక్కణ్నుంచి రామంతాపూర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన తన టాబ్లెట్ లాంటి స్కానర్ పెట్టి, మా కారు కంపెనీ పేరు, మోడల్ ఎంచుకుని, ఏబీఎస్ మాడ్యూల్ (ఆ ఏర్పాటును నడిపే చిన్న కంప్యూటర్) తెరవగానే కోడ్ వచ్చేసింది. వెనక ఎడమ చక్రం స్పీడ్ సెన్సార్ సర్క్యూట్ తెగిందని దాని అర్థం. కింద దూరి చూస్తే నిజంగానే వైరు తెగి ఉంది. సెన్సార్, కూలి కలిపి 2,300 రూపాయలు. పై అంతస్తు అబ్బాయి స్కానర్ సంగతి చెప్తే, ‘అక్కా, గా చిన్న డబ్బా ఇంజన్‌తోనే మాట్లాడ్తది, బ్రేకుతోని మాట్లాడది. అడగనోనికి జవాబెట్లొస్తది?’ అన్నాడు.

ఆ మాట పట్టుకుని తర్వాత నేను చాలా చదివాను, చాలామందిని అడిగాను. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. అసలు ఇవి పెట్టింది పొగ కాలుష్యాన్ని అదుపులో ఉంచడం కోసం. అందుకే ఇంజన్‌కి, పొగకి సంబంధించిన కోడ్స్ చాలావరకు ఏ కంపెనీ బండిలోనైనా ఒకే భాషలో ఉంటాయి, చవక స్కానర్ అడిగేది ఆ భాషలోనే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ వీటి సంగతి అడగాలంటే కంపెనీ సొంత పద్ధతి తెలియాలి. అది తెలియని స్కానర్ ‘ఈ మాడ్యూల్‌ని నేను చూడలేదు’ అని చెప్పదు, ‘కోడ్స్ లేవు’ అంటుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇంజన్ కోడ్స్‌లో కూడా తేడా ఉంది. కోడ్ ముందు ‘పి’ అంటే ఇంజన్, గేరుబాక్సు, ‘సి’ అంటే బ్రేకులు, స్టీరింగ్ వైపు, ‘బి’ అంటే బాడీ, ఎయిర్‌బ్యాగ్, ‘యు’ అంటే మాడ్యూళ్ల మధ్య నెట్‌వర్క్. అక్షరం పక్క అంకె 0 అయితే అందరికీ ఉమ్మడి కోడ్. పి0301 అంటే ఏ కారులోనైనా మొదటి సిలిండర్ మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం), పి0420 అంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పని చేయడం లేదని. అదే అంకె 1 అయితే అది కంపెనీ సొంత కోడ్. పి1260 ఫోర్డ్ బండిలో వస్తే దొంగతనం అనుమానంతో ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి కాకపోతే ఇంజన్‌ని నడవనివ్వనిది) బండిని ఆపేసిందని అర్థం, ఆ అర్థాన్ని ఇంకో కంపెనీ బండికి అంటగట్టకూడదు. చవక యాప్‌లు కొన్ని ఈ నంబర్ చూపించి పక్కన వేరే కంపెనీ అర్థం రాసేస్తాయి, అది చూసి జనం పాడవని సెన్సార్లు మార్పిస్తారు. అర్థం తెలియదని ఖాళీగా వదిలేసే యాప్ అంతకన్నా నయం.

మరి ఏది కొనాలి అని నన్ను చాలామంది అడుగుతున్నారు. ముందు మీ ఇంట్లో ఏ కంపెనీ బండి ఉందో దాన్ని బట్టి చూడండి, ‘అన్ని కార్లకీ పని చేస్తుంది’ అన్న అట్టపెట్టె మీది రాతను బట్టి కాదు. ఫోర్డ్ ఉన్నవాళ్లకు ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా ఉన్నవాళ్లకు వీసీడీఎస్ ఉన్నాయి, ఇవి ఆ కంపెనీల కోడ్స్ లోపలి దాకా చదువుతాయి. ఫోర్డ్ బండ్లలో చాలావాటికి రెండో నెట్‌వర్క్ సాకెట్‌లో 3, 11 పిన్నుల మీద ఉంటుంది, దానికి మారే స్విచ్ ఉన్న అడాప్టర్ తీసుకోకపోతే కొన్ని మాడ్యూళ్లు కనపడవు. మారుతి, టాటా, మహీంద్రా ఉన్నవాళ్లు స్కానర్ మెనూలో ఆ పేర్లు విడిగా ఉన్నాయో లేదో చూడాలి. ఇంట్లో రెండు మూడు కంపెనీల బండ్లున్నవాళ్లకు, మెకానిక్‌లకు లాంచ్, ఆటెల్ లాంటి పెద్ద స్కానర్లు సరిపోతాయి. కాకపోతే అప్‌డేట్లు ఎన్నాళ్లు ఉచితమో, ఆ తర్వాత ఏడాదికి ఎంత కట్టాలో డబ్బులిచ్చే ముందే అడగండి. కోఠి గుజరాతీ గల్లీలోనైనా రాణిగంజ్‌లోనైనా, ‘నా బండికి పెట్టి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లు తెరిచి చూపించు, అప్పుడే కొంటా’ అనండి. చూపించనివాడి దగ్గర కొనకండి.

డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ ఫిల్టర్, అదే డీపీఎఫ్, ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి అది మసితో మూసుకుపోవచ్చు. అందులోని మసిని కాల్చే ఆదేశం ఇవ్వాలంటే కంపెనీ పద్ధతి తెలిసిన స్కానర్ కావాలి, కోడ్ చదివేది చాలదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు మీరు చెప్పాల్సింది కూడా ఒకటి మిగిలిపోయింది. అమ్మేవాడు మీరొచ్చే ముందు కోడ్స్ చెరిపేసి ఉండొచ్చు. చెరిపితే ‘రెడీనెస్ మానిటర్లు’ (ఇంజన్, పొగ భాగాలను బండి తానే చేసుకునే పరీక్షలు) మళ్లీ మొదటికొస్తాయి, బండి కొంత తిరిగితే గానీ పూర్తి కావు. చాలా మానిటర్లు ‘నాట్ రెడీ’ అని చూపిస్తే ఈ మధ్యే చెరిపారో, బ్యాటరీ తీశారో అడగండి. ఇది మాత్రం చవక స్కానర్‌లోనూ కనపడుతుంది, నేను దాన్ని పనికిరాని వస్తువు అనడం లేదు. మీ బండికి కూడా కోడ్ నంబర్ రాసుకోకుండా, ఫోటో తీసుకోకుండా ఎవరినీ చెరపనివ్వకండి.

2014లో, వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, ఇలాంటి డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు దొరకనివ్వడం లేదన్నది అందులో పెద్ద ఆరోపణ. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రైట్ టు రిపేర్’ (కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో కార్లూ ఉన్నాయి. అయినా నా బండిలో వచ్చిన కోడ్ నాకు రాసివ్వడానికి కౌంటర్ అవతలి మనిషికి చేయి రాలేదు.

దయచేసి ఆ వాక్యానికి సవరణ వేయండి. వీలైతే మీ విలేకరిని ఒక రోజు రాణిగంజ్ పంపి, పది దుకాణాల్లో ‘ఈ స్కానర్ ఏ కంపెనీ బండిలో ఏ మాడ్యూళ్లు తెరుస్తుంది’ అని అడిగించి, ఎవరేం చెప్పారో ఉన్నదున్నట్టు అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు, నాగోలు, హైదరాబాద్