లైన్ ఒకటే, లెక్క వేరు

సంపాదకుడు గారికి,

రేణిగుంట, శ్రీసిటీల్లో ఫోన్లు, టీవీల పని జరుగుతోంది కాబట్టి రక్షణ రంగ సర్క్యూట్ బోర్డులూ ఇక్కడే చేసేయొచ్చన్న మాట తరచూ వినిపిస్తోంది. యంత్రాల వరకు నిజమే. అసలు చిక్కు సోల్డర్ దగ్గర, అంటే భాగాలను బోర్డుకు అతికే లోహం దగ్గర.

ఫోన్లలో వాడే సీసం లేని సోల్డర్ సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. 63/37 తగరం-సీసం సోల్డర్ 183కే కరుగుతుంది. అచ్చంగా తగరం పూత ఉన్న చిప్పుల కాళ్ల (బోర్డుకు అతికే లోహపు కొసల) నుంచి ఏళ్లు గడిచేకొద్దీ సన్నని లోహపు మీసాలు మొలిచి పక్క కాలిని తాకి షార్ట్ చేయొచ్చు. సీసం కలిస్తే ఈ బెడద బాగా తగ్గుతుంది. అందుకే సైనిక, అంతరిక్ష పనుల్లో దాన్ని ఇంకా వదల్లేదు. అయితే నేడు దొరికే బీజీఏ చిప్పుల (కాళ్లకు బదులు అడుగున చిన్న సోల్డర్ బంతులు ఉండేవి) బంతులు ఎక్కువగా సీసం లేనివే. సోల్డర్‌ను కరిగించే ఓవెన్‌ను సీసం సోల్డర్ వేడికే పెడితే అవి పూర్తిగా కరగవు. అతుకు పరీక్షలో పాసై, వేడి-చలి చక్రాల్లో పగులుతుంది.

ఇక తేమ. ఎంఎస్ఎల్ 3 (తేమకు చిప్పు ఎంత సున్నితమో చెప్పే స్థాయి) చిప్పుల సీలు విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గదిలో 168 గంటల్లోపు ఓవెన్ ఎక్కించాలి. మన నవంబరు ముసురులో ఏసీ ఆపితే ఆ గడువు చెల్లదు. ఓవెన్ వేడికి చిప్పు లోపలికి చేరిన నీరు ఆవిరై చిప్పు పొరలు విడిపోతాయి.

ఐటీఐ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో ఈ రెండు సోల్డర్లనూ విడివిడి సోల్డరింగ్ ఐరన్లతో, విడివిడి బల్లలపై నేర్పించాలని మనవి.

– ఎలక్ట్రానిక్స్ తయారీ సాంకేతిక నిపుణులు, తిరుపతి